ఆట ఒక్కటే... యంత్రాలే వేరు!

‘ఫ్రెండ్ ఫోన్‌లో ఈ గేమ్ బాగా వస్తోంది, మన ఫోన్‌లో ఆగి ఆగి వస్తోంది. కొత్తది కొనివ్వు నాన్నా!’ పిల్లలున్న ఇళ్లలో ఈ మాట తరచూ వినిపిస్తుంది. తప్పు ఆటదా, ఫోన్‌దా? ఈ సంగతి తెలిస్తే రిచీ స్ట్రీట్‌కు బయలుదేరే ముందు తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించుకోవచ్చు. ఫోన్‌లో హోంవర్క్ ఇచ్చే ఉపాధ్యాయులకైతే ఇది ఇంకా ముఖ్యం.

హైదరాబాద్ ఆట, రెండు యంత్రాలు

ఒక యంత్రం కోసం చేసిన ఆటను మరో యంత్రానికి సరిపడేలా మార్చడాన్ని ‘పోర్టింగ్’ అంటారు. దీనికి మన తెలుగు నేల నుంచే ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర సంస్థ రూపొందించిన ‘దేశీ అడ్డా’ 2009లో వచ్చింది. కబడ్డీ, గిల్లీదండా వంటి మన వీధి ఆటలు అందులో ఉన్నాయి. గిల్లీదండా అంటే మన బిళ్లంగోడే. ఇది సోనీ వారి ప్లేస్టేషన్ 2లోనూ, చేతిలో పట్టుకుని ఆడే పీఎస్‌పీలోనూ వచ్చింది.

ప్లేస్టేషన్ 2ను టీవీకి తగిలిస్తారు. దాని రిమోట్‌కు బొటనవేళ్లతో తిప్పే పుల్లలు రెండు. పీఎస్‌పీకి ఉన్నది ఒక్కటే. దాని తెర 4.3 అంగుళాలు. ప్లేస్టేషన్ 2 వాడే మామూలు డీవీడీలో 4.7 గిగాబైట్లు పడితే, పీఎస్‌పీ చిన్న డిస్కులో 1.8 గిగాబైట్లే పడతాయి. పైగా అది బ్యాటరీతో నడవాలి. మొదటి పీఎస్‌పీలోనూ, ప్లేస్టేషన్ 2లోనూ ప్రధాన మెమరీ 32 మెగాబైట్లే. అయినా మీటలు, అక్షరాల సైజు, బొమ్మల బరువు అన్నీ మళ్లీ చూసుకోక తప్పదు. పెళ్లిభోజనం వంటకాలనే ఇంటి గ్యాస్ పొయ్యి మీద చేయడం లాంటిదిది. వంట అదే, గిన్నెలు, మంట, పట్టే సమయం మారతాయి.

ఎక్కడ తేడా వస్తుంది?

తెర మీద కదలిక అంటే వెంటవెంటనే వచ్చే బొమ్మల వరుస. సెకనుకు 60 బొమ్మలు రావాలంటే ఒక్కో బొమ్మను సుమారు 16 మిల్లీసెకన్లలో గీయాలి. 30 చాలనుకుంటే 33 మిల్లీసెకన్లు దొరుకుతాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ ఆ గడువులో పని ముగించలేకపోతే ఆట తడబడుతుంది. అందుకే చిన్న యంత్రాలకు మార్చేటప్పుడు నీడలు తగ్గిస్తారు, జనాన్ని పలచబరుస్తారు, బొమ్మల స్పష్టత తగ్గిస్తారు.

ఈ పని సరిగా జరగకపోతే పెద్ద సంస్థలకూ తలవంపులే. 2020 డిసెంబరులో వచ్చిన ‘సైబర్‌పంక్ 2077’ శక్తిమంతమైన కంప్యూటర్లలో చాలావరకు నడిచినా, 2013 నాటి ప్లేస్టేషన్ 4లో తరచూ మొరాయించింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన ఆన్‌లైన్ దుకాణం నుంచి తీసేసింది. మళ్లీ 2021 జూన్‌లో గాని పెట్టలేదు.

ఫోన్లకు మరో చిక్కు ఉంది. మామూలుగా వాటిలో ఫ్యాన్ ఉండదు. బాగా వేడెక్కితే ఫోన్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. చెన్నై మే నెల ఎండల్లో, చార్జింగ్ పెట్టి ఆడితే చెప్పనక్కర్లేదు.

తెలుగు అక్షరానికీ పరీక్షే

చిప్‌తో పాటు సాఫ్ట్‌వేర్ కూడా తేడా తెస్తుంది. మన ఒత్తులు, గుణింతాలు సరిగా కూడాలంటే అది సిద్ధంగా ఉండాలి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రూపంలోని ఒక తెలుగు అక్షరం వస్తే చాలు, ఐఫోన్లలో కొన్ని యాప్‌లు మూతపడ్డాయి. యాపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. ఇంగ్లిష్‌లో బాగున్న విద్యా గేమ్ తెలుగులోనూ బాగుంటుందని అనుకోవడానికి లేదు.

మనం ఏం చేయాలి?

తల్లిదండ్రులు: గేమ్ దింపుకునే ముందు దానికి కావలసిన ర్యామ్, ఆండ్రాయిడ్ వెర్షన్ చూడండి. ఫోన్‌లో ఖాళీ చోటు ఉంచండి. గేమ్ సెట్టింగుల్లో గ్రాఫిక్స్ తగ్గించి చూడండి. చాలాసార్లు కొత్త ఫోన్ అవసరమే రాదు.

ఉపాధ్యాయులు: ఏ యాప్‌నైనా పిల్లలకు చెప్పే ముందు తరగతిలో అన్నిటికంటే పాత ఫోన్‌లో నడిపి చూడండి. ఒత్తులు విడిపోతున్నాయేమో గమనించండి. నడవకపోతే అదే అభ్యాసం కాగితం మీద ఇవ్వండి.

అన్నిటికంటే మేం గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. గడియారం పెట్టి ఆడించే క్విజ్‌లో నిదానమైన ఫోన్ ఉన్న పిల్లకు జవాబు తెలిసినా మార్కు తగ్గవచ్చు. ఆ అంకె ఫోన్‌ది, పిల్లది కాదు. దాన్ని చూసి ‘వెనుకబడింది’ అని మాత్రం రాయకండి.