గెలిచినా మెప్పించని ఖలీ పోరు: రెజిల్‌మేనియా 23లో లోపం ఎక్కడ?

2007 ఏప్రిల్ 1న అమెరికాలోని డెట్రాయిట్‌లో, ఫోర్డ్ ఫీల్డ్ మైదానంలో రెజిల్‌మేనియా 23 జరిగింది. హాజరైన ప్రేక్షకుల సంఖ్య 80,103 అని డబ్ల్యూడబ్ల్యూఈ ప్రకటించింది. హిమాచల్‌ప్రదేశ్‌లోని సిర్మౌర్ జిల్లాలో పుట్టి, పంజాబ్ పోలీసు శాఖలో పనిచేసిన దలీప్ సింగ్ రాణా 'ది గ్రేట్ ఖలీ'గా ఆ వేదికపై తొలిసారి తలపడ్డారు. కేన్‌పై గెలిచారు కూడా. భారతీయ అభిమానులకు అది గర్వకారణమే. పోటీగా చూస్తే మాత్రం అది నిరాశనే మిగిల్చింది.

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఫలితం ముందే నిర్ణయమవుతుంది. అందువల్ల ఎవరు గెలిచారన్నదానికన్నా, ఎలా గెలిచారన్నదే ప్రేక్షకుడిని కట్టిపడేస్తుంది. ఒకరిది పైచేయి కావడం, మరొకరు తేరుకోవడం, చివరి వరకూ ఉత్కంఠ నిలవడం అవసరం. ఖలీ, కేన్ ఇద్దరూ భారీకాయులే. కదలికలు నెమ్మదిగా సాగాయి. సుమారు ఐదున్నర నిమిషాల వ్యవధిలో కథ మలుపు తిరిగే అవకాశం తక్కువ.

ఖలీని కేన్ ఎత్తి పడేసిన ఘట్టమే ఇందులో చెప్పుకోదగ్గది. 1987లో డెట్రాయిట్‌కు సమీపంలోనే ఉన్న పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో ఆండ్రే ది జెయింట్‌ను హల్క్ హోగన్ ఎత్తి పడేసిన దృశ్యాన్ని అది గుర్తుచేసింది. అయితే హోగన్ తొలి ప్రయత్నంలో విఫలమయ్యారు. చివరకు సాధించిన వెంటనే విజయం దక్కింది. ఇక్కడ ఆ ఘనత దక్కించుకున్న కేన్ ఓడిపోవడంతో ఘట్టానికి ఫలం లేకపోయింది.

అలాగని ఈ పోటీ వృథా అనలేం. ప్రధాన పోరుకు ముందు జరిగే అండర్‌కార్డ్ పోటీల లక్ష్యాల్లో భవిష్యత్ తారలను నిలబెట్టడం ఒకటి. అదే ఏడాది జులైలో ఖలీ వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యారు. ఆ ఘనత సాధించిన తొలి భారతీయుడు ఆయనే. 2012లో పిట్యూటరీ గ్రంథిపై ఏర్పడిన కణితికి శస్త్రచికిత్స చేయించుకున్నారు. తర్వాత జలంధర్‌లో శిక్షణ కేంద్రం నెలకొల్పారు. 2021లో డబ్ల్యూడబ్ల్యూఈ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందారు.

దేహబలం ప్రేక్షకుడిని మైదానానికి రప్పించగలదు. అతడి మనసులో పోటీని నిలిపేది మాత్రం కథను నడిపించే నేర్పే. ఖలీ సాధించిన ఘనతను గౌరవిస్తూనే, డెట్రాయిట్ పోటీ సాధారణమైనదని అంగీకరించడంలో వైరుధ్యం లేదు.