బ్యాండు మేళాలకు సొంత గుమ్మం ఏది?

ఫేస్‌బుక్ పేజీ పోతే బేరం పోయినట్టే - చిన్నదైనా సొంత వెబ్‌సైట్ ఉంటే మేలు

మాఘమాసం ప్రవేశించిందంటే పల్లెల్లో బ్యాండు మేళాలకు ఊపిరాడని పని. ఎదుర్కోలు ఒక ఊళ్లో, ఊరేగింపు మరో ఊళ్లో. క్లారినెట్టు, ట్రంపెట్టు, శాక్సఫోను, సైడు డ్రమ్ము సర్దుకుని ట్రాలీ ఆటో ఎక్కిన మేళగాళ్లు తిరిగి ఇల్లు చేరేది మరునాడు పొద్దెక్కాకే. ఈ నాలుగు ముహూర్తాల సంపాదనతోనే ఆషాఢమూ, మూఢాలూ గడవాలి. ఒక్క పెళ్లి బేరం చేజారితే పదిమంది ఇళ్లలో ఆ లోటు కనిపిస్తుంది.

ఒకప్పుడు పెళ్లివారు మేళం పెద్ద ఇంటికే వచ్చేవారు. అరుగు మీద కూర్చుని బేరమాడి, తాంబూలంలో బయానా పెట్టి వెళ్లేవారు. ఫలానా ఊరి బ్యాండు అంటే చాలు, బస్సు దిగిన చోట ఎవరిని అడిగినా ఇల్లు చూపించేవారు. నేడు ఆ పద్ధతి చాలావరకు మారింది. పెళ్లికొడుకు తరఫు కుర్రవాళ్లు సెల్ ఫోనులో వీడియో చూసి, కింద ఉన్న నంబరుకు ఫోన్ చేసి మాట్లాడుకుంటున్నారు. డీజే పెట్టెల పోటీతో సగం పని కోల్పోయిన మేళాలకు ఈ వీడియోలే కొంత ఊరట. అందుకే పేరున్న మేళాలన్నీ ఫేస్‌బుక్‌లో ఒక పేజీ, యూట్యూబ్‌లో ఒక చానలు, వాట్సాప్‌లో ఒక నంబరు పెట్టుకున్నాయి.

ఇది మంచి పరిణామమే. ఖర్చు లేకుండా పక్క జిల్లావారికి కూడా మేళం గొడవ తెలుస్తోంది. అయితే ఆ పేజీ ఎవరిది, ఆ స్థలం ఎవరిది అన్న ప్రశ్న ఇంతవరకు ఎక్కువమంది వేసుకోలేదు. మేళం పేరు, ఫొటోలు, వీడియోలు, పెళ్లివారి పరిచయాలు అన్నీ ఎక్కడో ఉన్న కంపెనీ చేతిలో ఉన్నాయి. అద్దె లేదు కనుక అది సొంత ఇల్లని భ్రమపడుతున్నారు. నిజానికి అది సంతలో గోనెపట్టా పరచుకున్న చోటు వంటిది. సంత నడిచినంతకాలం బాగానే ఉంటుంది. సంత ఎత్తివేస్తే పట్టా చుట్టుకోవలసిందే.

సంత ఎత్తేసిన సందర్భాలు

ఇది ఊహించి చెప్పే భయం కాదు. గత పదిపన్నెండేళ్లలోనే ఇటువంటివి అనేకం జరిగాయి. ఫేస్‌బుక్ కన్నా ముందు మన కుర్రకారుకు బాగా పరిచయమైన ఆర్కుట్‌ను 2014 సెప్టెంబరు 30న మూసివేశారు. గూగుల్ సంస్థే నడిపిన గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో మూతబడింది.

2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం దేశ భద్రత కారణంగా 59 చైనా యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్ ఒకటి. పల్లెల్లో డప్పు కొట్టేవారు, పాట పాడేవారు, చిందు వేసేవారు ఎందరో అప్పటికి ఆ టిక్‌టాక్‌లోనే పేరు తెచ్చుకున్నారు. వేలమంది, లక్షలమంది అభిమానులను కూడగట్టుకున్నవారు సైతం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. నిషేధం తప్పా ఒప్పా అన్నది వేరే సంగతి. ఆ అభిమానుల జాబితా కళాకారుని చేతిలో లేదన్నది మాత్రం ఆనాడు అందరికీ తెలిసివచ్చింది.

అమెరికాలో జరిగింది ఇంతకన్నా పెద్దది. మైస్పేస్ అనే వేదిక 2003లో మొదలై కొన్నేళ్లపాటు సంగీత బృందాలకు పెద్ద ఆధారంగా నిలిచింది. ఇంగ్లండు, అమెరికాలలోని చిన్న చిన్న బ్యాండులు తమ పాటలన్నీ అందులోనే దాచుకున్నాయి. కంప్యూటర్లు మార్చే పనిలో పొరపాటు జరిగి, 12 ఏళ్లపాటు చేర్చిన పాటలు, ఫొటోలు, వీడియోలు పోయాయని 2019లో ఆ సంస్థ ఒప్పుకుంది. పోయిన పాటలు 5 కోట్లకు పైగా ఉంటాయనీ, అవి దాదాపు 1 కోటి 40 లక్షలమంది కళాకారులవనీ వార్తలు వెలువడ్డాయి. తరువాత సుమారు 4 లక్షల 90 వేల పాటలు మాత్రం వేరొక చోట నకళ్లు ఉండడంతో దొరికాయి. ఇంట్లో కాపీ దాచుకున్నవారు బయటపడ్డారు. మిగతావారి పాట గాలిలో కలిసింది.

ఇక 2021 అక్టోబరు 4 రాత్రి ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒక్కసారిగా ఆగిపోయి సుమారు 6 గంటలపాటు పనిచేయలేదు. మూడూ ఒకే యాజమాన్యం కిందివి కావడమే ఇందుకు కారణం. మూడు చోట్ల ఉన్నాం, ఒకటి పోతే మరొకటి ఉందని ధీమాగా ఉన్నవారికి అది మంచి పాఠం.

పెళ్లిలో వాయిస్తే తప్పులేదు కానీ...

బ్యాండు మేళాలకు మరో చిక్కు ఉంది. మేళం వాయించేది ఎక్కువగా సినిమా పాటలే. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షనులో పెళ్లి ఊరేగింపుకు, పెళ్లికి సంబంధించిన వేడుకలకు మినహాయింపు ఉంది. కనుక ఊరేగింపులో సినిమా పాట వాయించినందుకు మేళాన్ని తప్పుపట్టే వీలు లేదు. కానీ అదే పాటను వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టడం వేరే సంగతి. అక్కడ యంత్రమే పాటను పోల్చుకుని, హక్కుదారైన మ్యూజిక్ కంపెనీకి తెలియజేస్తుంది. ఆ కంపెనీ కోరితే వీడియోను ఆపవచ్చు, లేదా దాని మీద వచ్చే ప్రకటనల ఆదాయం తానే తీసుకోవచ్చు. హక్కుదారు నేరుగా ఫిర్యాదు చేస్తే చానలుకు ఒక హెచ్చరిక పడుతుంది. 90 రోజుల లోపు మూడు హెచ్చరికలు పడితే చానలు మొత్తాన్నే తీసివేస్తారు. అందులో వంద వీడియోలున్నా ఒకే దెబ్బకు పోతాయి.

సొంత వెబ్‌సైట్‌లో పెట్టినంత మాత్రాన సినిమా పాటకు చట్టం వర్తించకుండా పోదు. అయితే అక్కడ సినిమా పాట పెట్టవలసిన అవసరమూ లేదు. మేళం పనితనం చూపడానికి ఒక త్యాగరాజ కీర్తన, ఒక తీన్‌మార్ డప్పు, ఒక పల్లె బాణీ చాలు. అవి ఎవరి సొత్తూ కావు, మేళగాళ్లు సొంతంగా వాయించి రికార్డు చేసుకున్నవి అయితే ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఫేస్‌బుక్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. పేజీని 5 వేలమంది అనుసరిస్తున్నా, పెట్టిన ప్రతి ఫొటో 5 వేలమందికీ కనబడదు. ఎవరికి ఏది చూపాలో కంపెనీ లెక్కే నిర్ణయిస్తుంది. అందరికీ చూపాలంటే డబ్బు కట్టమంటుంది. మరోవైపు, మాయమాటలకు లోబడి ఓటీపీ చెప్పినందువల్ల పేజీ మోసగాళ్ల పాలైతే, తిరిగి రాబట్టుకోవడానికి ఎవరిని కలవాలో పల్లెవాసికి తెలియదు. ఫిర్యాదు చేయడానికి మండల కేంద్రంలో ఆ కంపెనీ ఆఫీసు ఉండదు.

చివరకు ఫోను నంబరు కూడా శాశ్వతం కాదు. పని లేని నెలల్లో రీచార్జి మానేస్తే, 90 రోజులు వాడకం లేని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. కొంతకాలానికి అదే నంబరు మరొకరికి వెళుతుంది. గోడల మీద, శుభలేఖల వెనుక, పాత వీడియోల కింద ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే ఎవరో పలుకుతారు. మేళం మానేశారు కాబోలనుకుని పెళ్లివారు మరో బ్యాండును మాట్లాడుకుంటారు.

ఖర్చు ఎంత, పని ఎంత

వెబ్‌సైట్ అనగానే అది పెద్ద కంపెనీల వ్యవహారమని చాలామంది వెనుకాడుతున్నారు. నిజానికి మేళానికి కావలసింది ఒకే ఒక్క పేజీ. ఇందులో రెండు భాగాలుంటాయి. ఒకటి పేరు, అంటే ఇంటి నంబరు వంటిది. రెండోది ఆ పేజీని ఉంచే చోటు, అంటే ఇంటి స్థలం వంటిది. చివర డాట్ ఇన్ అని ఉండే మన దేశపు పేర్ల వ్యవహారం నిక్సీ అనే సంస్థ చూస్తుంది. వాటిని అమ్మే ఏజెంటు కంపెనీలు అనేకం ఉన్నాయి. సాధారణంగా పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయలు అటూఇటూగా అవుతుంది. మొదటి ఏడాది తక్కువ ధర చూపి, రెండో ఏడాది ఎక్కువ వసూలు చేసే కంపెనీలు ఉన్నాయి కనుక ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి. ఒక్క పేజీ ఉంచుకోవడానికి ఉచితంగా చోటిచ్చే సంస్థలూ లేకపోలేదు. ఆ సంస్థ మూతబడినా నష్టం లేదు. పేరు సొంతమైతే అదే పేజీని మరోచోటికి మార్చుకోవచ్చు. పాత చిరునామాకే జనం వస్తారు.

పేజీలో ఏమి ఉండాలి? మేళం పేరు, ఊరు, మండలం, జిల్లా. ఎంతమంది మనుషులు, ఏయే వాయిద్యాలు. పెళ్లిళ్లకేనా, జాతరలకు, వినాయక నిమజ్జనాలకు, అంతిమయాత్రలకు కూడా వస్తారా అన్నది. ఎన్ని గంటలు, బండి ఖర్చు ఎవరిది, భోజనాలు ఎవరివి అన్న షరతులు. రెండు ఫోను నంబర్లు. నాలుగు మంచి ఫొటోలు, ఒకటి రెండు వీడియోలు. ఏ తేదీలకు బేరం కుదిరిందో తెలిపే చిన్న పట్టిక. వాయించేవారి పేర్లు కూడా రాస్తే మరీ మంచిది. ముప్పై ఏళ్లు క్లారినెట్టు ఊదిన మనిషి పేరు శుభలేఖలో ఎక్కదు. కనీసం తన మేళం పేజీలోనైనా ఉండాలి.

ఇక్కడ మరో జాగ్రత్త అవసరం. నెట్ సెంటరు కుర్రవాడి చేత చేయించేటప్పుడు పేరును అతని పేరున కాక మేళం పెద్ద పేరున, మేళం పెద్ద ఈమెయిలుతో నమోదు చేయించుకోవాలి. పాస్‌వర్డు కాగితం మీద రాసుకుని ఇంట్లో భద్రపరచాలి. పట్టాదారు పాసుపుస్తకం ఇతరుల పేరున ఉంటే పొలం మనదని చెప్పుకోలేము. ఇదీ అంతే. ఏటేటా గడువు లోపల డబ్బు కట్టకపోతే పేరు రద్దవుతుంది, ఆపైన ఎవరైనా కొనుక్కోవచ్చు. పోటీ మేళం కొనుక్కున్నా చేయగలిగింది తక్కువ.

దండోరా వేరు, గుమ్మం వేరు

వెబ్‌సైట్ పెట్టి చేతులు కట్టుకుని కూర్చుంటే బేరాలు రావన్నదీ వాస్తవమే. పల్లెల్లో ఎవరూ పనిగట్టుకుని వెబ్‌సైట్లు వెతకరు. జనం ఉన్నది ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్‌లలోనే. నేటికీ అధిక భాగం బేరాలు ఒక పెళ్లిలో విన్నవారు మరో పెళ్లికి పిలవడం వల్లనే వస్తున్నాయి. పైగా పాత ధరలు, పోయిన నంబర్లతో పాడుబడిన వెబ్‌సైట్ ఉండడం కన్నా లేకపోవడమే నయం. ఏడాదికి రెండుసార్లయినా, మాఘానికి ముందు ఒకసారి, శ్రావణానికి ముందు ఒకసారి, పేజీని సరిచూసుకునే ఓపిక లేనివారు ఆ జోలికి పోనవసరం లేదు.

కనుక ఒకటి మానుకుని మరొకటి పట్టుకోవలసిన పని లేదు. ఫేస్‌బుక్, యూట్యూబ్‌లు దండోరా వంటివి. నలుగురూ ఉన్న చోటికి వెళ్లి చాటింపు వేయవలసిందే. కానీ చాటింపు విన్నవాడు వెతుక్కుంటూ వస్తే అతనికి కనబడే గుమ్మం ఒకటి ఉండాలి. ప్రతి వీడియో కింద, డ్రమ్ము మీద, బండి మీద, విజిటింగ్ కార్డు మీద ఆ ఒక్క చిరునామానే రాయించాలి. ఫోను నంబరు మారితే అక్కడ ఒక్కచోట మారిస్తే సరిపోతుంది. రేపు ఏ యాప్ మూతబడినా, ఏ పేజీ పోయినా, కొత్తది తెరిచి మళ్లీ అదే గుమ్మానికి దారి చూపవచ్చు.

వీడియోల నకళ్లు మాత్రం యూట్యూబ్‌లోనూ, వెబ్‌సైట్‌లోనూ ఉన్నాయి కదా అని ఊరుకోరాదు. ఒక పెన్‌డ్రైవులోనో, హార్డ్ డిస్కులోనో ఇంట్లో మరొకటి ఉంచుకోవాలి. ముసలి సన్నాయి విద్వాంసుల వాయిద్యం రికార్డు చేసి ఉంటే దాన్ని మరింత భద్రంగా చూసుకోవాలి. డబ్బు పోతే మరో ముహూర్తానికి సంపాదించుకోవచ్చు. ఆ ఊపిరి ఆగిపోయాక, ఆ పాటను మళ్లీ రికార్డు చేయడం ఎవరి తరమూ కాదు.

ఒక్కో మేళానికి ఇది భారమనుకుంటే, మండలంలోని నాలుగైదు మేళాలు కలిసి ఒకే వెబ్‌సైట్‌లో తలా ఒక పేజీ పెట్టుకోవచ్చు. ఒకే ముహూర్తానికి రెండు బేరాలు వస్తే రెండోది పక్క మేళానికి అందుతుంది. చదువుకున్న పిల్లలు ప్రతి మేళగాని ఇంటా ఉన్నారు. సెలవుల్లో ఒక్క వారం వారు కూర్చుంటే అయ్యే పని ఇది. వచ్చే మాఘానికైనా మన మేళాలు ఈ విషయం ఆలోచించడం మంచిది.