చాచిన ఇనుపచేయి

హైదరాబాదు నగరమునకు పడమట నున్న మాదాపురము ఒకప్పుడు బండరాళ్ళ నడుమ నొక చిన్న గ్రామము. అచ్చట సైబర్ టవర్స్ భవనమును 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. అప్పటినుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములలో అంతస్తుపై అంతస్తు లేచుచునే యున్నది. పూర్వము కూలీలు ఇటుకలను తట్టలలో నెత్తిన బెట్టుకొని మెట్లెక్కి మోసెడివారు. ఆ శ్రమను తగ్గించు యంత్రములలో టెలిహ్యాండ్లరు ఒకటి.

చూచుటకిది ట్రాక్టరునకు ఏనుగు తొండము తగిలించినట్లుండును. ఆ తొండమునే బూము అందురు. ఒక ఉక్కుగొట్టములో మరియొకటి ఇమిడియుండి, నూనె ఒత్తిడిచే వెలుపలికి సాగును. కొసన రెండు ఇనుప ఫోర్కులుండును. క్రేనువలె బరువును వ్రేలాడదీయక, అరచేతిలో నుంచుకొన్నట్లు క్రిందినుండి ఎత్తి అంతస్తు అంచున నిలుపుట దీని ప్రత్యేకత.

సాగు గుణమునందే అపాయమును గలదు. నిండుబిందెను చంకనిడుకొని చాల దూరము నడువగల స్త్రీ, దానినే చేయి చాచి కొంతసేపైనను పట్టుకొనజాలదు. బిందె బరువు పెరుగలేదు, దూరము పెరిగినది. టెలిహ్యాండ్లరు ఏతమువంటిది. ముందు చక్రములు ఆధారము. ఒకవైపు సరకు, వేరొకవైపు యంత్రపు బరువు. టన్ను సరకు ఆ చక్రములకు రెండు మీటర్ల దూరమునుండి నాలుగు మీటర్లకు జరిగినచో, యంత్రమును బోర్లద్రోయు బలము రెట్టింపగును. కావున దగ్గర నాలుగు టన్నులెత్తు యంత్రము, బూమును పూర్తిగా చాచినపుడు ఒక టన్నునైనను మోయలేకపోవచ్చును. ఎంత దూరమున ఎంత బరువు తగునో తెలుపు పటము డ్రైవరు గదిలోనే యుండును. ‘ఇంకొక్క అడుగే గదా’ యని దానిని మీరినచో, వెనుక చక్రములు నేలను విడుచుటకు ఆ యడుగే చాలును.

ఇందొక చిత్రము గలదు. పైన క్షేమముగా నిలిచిన బరువే దించునపుడు ప్రమాదకరము కావచ్చును. నిటారుగానున్న కర్రను వాల్చినకొలది దాని కొస ముందునకు పోవును గదా! చాచిన బూమును వాల్చినను అంతే. నేర్పరియైన డ్రైవరు ముందు దానిని లోనికి ముడిచి, పిమ్మట దించును.

ఇక నేల సంగతి. త్రవ్విన గుంతలు, పూడ్చిన మట్టి కట్టడపు చోట్ల సామాన్యము. యంత్రము రెండు డిగ్రీలు ప్రక్కకు ఒరిగినచో, పది మీటర్ల ఎత్తుననున్న సరకు సుమారు 35 సెంటీమీటర్లు ప్రక్కకు జరుగును. అందుచే ఎత్తుటకు ముందే మట్టము చూచుకొని, ఊతకాళ్ళున్నచో గట్టినేలపై దింపుదురు. సరకుతో నడుచునపుడు బూమును ముడిచి, సరకును నేలకు దగ్గరగా నుంచుదురు.

బరువు మితిమీరినపుడు హెచ్చరించు పరికరము నేటి యంత్రములలో గలదు. కాని ఫోర్కుల క్రిందికి వచ్చిన మనిషిని అది ఎరుగదు. డ్రైవరు గది ఎడమప్రక్కన, బూము కుడిప్రక్కన నుండుటచే ఆ దిక్కు డ్రైవరునకును సరిగా కానరాదు. అందులకే సంజ్ఞలు చేయు మనిషి ఒకడు నేలపై నిలుచును. అతడు కంటికి మరుగైన క్షణమున, సరకు సగమెత్తులో నున్నను సరే, డ్రైవరు యంత్రమును ఆపివేయును.