‘ప్రౌ’: ఒక పాత స్కాట్స్ పదం చరిత్ర

ఇంటర్మీడియట్‌లో మార్కులు పెంచుకోవడానికి ‘ఇంప్రూవ్‌మెంట్’ రాయడం మీకు తెలిసిన విషయమే. ఈ మాటలో నేడు వాడుకలో లేని ఒక పదం దాగి ఉంది. అదే ‘ప్రౌ’. స్కాట్లాండ్ మైదాన ప్రాంతాల భాష అయిన స్కాట్స్‌లో దీనికి లాభం, మేలు అని అర్థం. మధ్యయుగపు ఇంగ్లీషులోనూ ఈ పదం ఉండేది.

పుట్టుక: లాటిన్‌లో ‘ప్రోదెస్ట్’ అంటే ‘ఉపకరిస్తుంది’ అని అర్థం. ఇది ఒకే క్రియారూపం. వ్యవహర్తలు మాత్రం దీనిని ‘ప్రోదె’, ‘ఎస్ట్’ అని రెండు మాటలుగా విడదీసుకున్నారు. ‘ఎస్ట్’ అంటే ‘ఉంది’. మిగిలిన ‘ప్రోదె’ కొత్త పదమై, పాత ఫ్రెంచిలో ‘ప్రూ’గా మారింది. 1066లో నార్మన్లు ఇంగ్లాండును జయించడంతో ఫ్రెంచి పదాలు బ్రిటన్‌లో విరివిగా ప్రవేశించాయి. 12వ శతాబ్దంలో మొదటి డేవిడ్ రాజు నార్మన్ ప్రభువులకు స్కాట్లాండ్‌లో భూములిచ్చాడు. స్కాట్స్‌లోకి ఫ్రెంచి మాటలు రావడానికి అదొక మార్గం.

అర్థపరిణామం: ‘ప్రూ’కు ముందు ఉపసర్గ చేర్చి, ‘లాభంగా మార్చుకొను’ అనే అర్థంలో ఆంగ్లో-నార్మన్లు ఒక క్రియను కల్పించుకున్నారు. నేటి ‘ఇంప్రూవ్’ దాని నుంచి వచ్చినదే. తొలి రోజుల్లో భూమిపై రాబడి పెంచుకోవడాన్ని ఈ మాటతో చెప్పేవారు. ‘మెరుగుపరచు’ అనే అర్థం తరువాత ఏర్పడింది.

సమాజంలో ఈ మాట: 1723లో ఎడింబరోలో భూస్వాములు వ్యవసాయాన్ని మెరుగుపరచేందుకు ఒక సంఘం స్థాపించి, తమను ‘ఇంప్రూవర్లు’ అని పిలుచుకున్నారు. మరుసటి సంవత్సరమే గాలోవే ప్రాంతంలో, పశువుల మేత కోసం పొలాల చుట్టూ కట్టిన రాతిగోడలను కౌలుదారులు పడగొట్టారు. తరువాత 1814, 1819 సంవత్సరాల్లో సదర్లాండ్ ఎస్టేటులోని స్ట్రాత్‌నేవర్ లోయ నుంచి గేలిక్ మాట్లాడే కుటుంబాలను వెళ్లగొట్టి, ఆ భూములను గొర్రెల పెంపకానికి ఇచ్చారు. ఆ ఎస్టేటు వ్యవహారాలు చూసిన జేమ్స్ లాక్ 1820లో ప్రచురించిన గ్రంథం పేరులో ఈ మార్పులను ‘ఇంప్రూవ్‌మెంట్స్’ అనే పేర్కొన్నాడు.

యజమానికి రాబడి పెరిగింది కనుక, పాత అర్థంలో ఆ మాట సరైనదే. ఇల్లు పోగొట్టుకున్నవారికి మాత్రం కొత్త అర్థంలో అది అబద్ధం. ఒకే మాటలో లాభం, మేలు కలిసి ఉన్నప్పుడు ‘ఎవరికి?’ అని అడగడం మీరు మరచిపోకూడదు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: ‘అభివృద్ధి’ అనే మాట ఉన్న ఒక వార్తను ఎంచుకోండి. అందులో లాభం ఎవరిదో, నష్టం ఎవరిదో ఐదు వాక్యాల్లో రాయండి.