మైలేజీ... కాలి కిందే!

ఒకటే బస్సు. ఒకటే రోడ్డు. మక్తల్‌లో బయల్దేరి జక్లేర్, మరికల్, దేవరకద్ర మీదుగా మహబూబ్‌నగర్. నిన్న ఒక డ్రైవరు నడిపాడు. ఇవాళ ఇంకొకాయన. ఎక్కినవాళ్లకి పెద్దగా తేడా తెలియదు. మహా అయితే ఒకాయన బండిలో కునుకు పట్టింది, ఇంకొకాయన బండిలో ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకోవాల్సి వచ్చింది. అంతే. కానీ రాత్రి డిపోలో డీజిల్ నింపి చూస్తే ఆ తేడా అంకెల్లో బయటపడుతుంది. ఒకరిది లీటరుకు 5 కిలోమీటర్లు. రెండో ఆయనది అయిదున్నర.

అరకిలోమీటరేగా అనిపిస్తుంది. లెక్క కట్టి చూడండి. రోజుకు 300 కిలోమీటర్లు తిరిగే బస్సు అనుకుందాం. మొదటి డ్రైవరు చేతిలో 60 లీటర్లు తాగుతుంది. రెండో ఆయన చేతిలో యాభై నాలుగున్నర. లీటరు 95 రూపాయలనుకుంటే రోజుకు అయిదు వందలకు పైనే తేడా. ఏడాదికి లక్షా తొంభై వేలకు దగ్గర. ఇదంతా ఒక్క బస్సుకే!

అందుకే ఆర్టీసీలో కేఎంపీఎల్ అన్న మాటకు అంత విలువ. కిలోమీటర్స్ పర్ లీటర్... అంటే మనం మైలేజీ అనుకునేదే. నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖగా 1932లో 27 బస్సులతో మొదలై, 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీగా మారి, రాష్ట్ర విభజన తర్వాత రెండైన సంస్థ ఇది. ఇంధన పొదుపులో జాతీయ స్థాయి బహుమతులు తెలుగు నేల ఆర్టీసీలకు కొత్త కాదు. ఏ డ్రైవరు ఎంత తెచ్చాడన్నది డిపోలో పేరుపేరునా రాస్తారు. బాగా తెచ్చినవాళ్లకు ప్రోత్సాహకాలు, తగ్గినవాళ్లకు శిక్షణ.

ఇంతకీ ఆ రెండో డ్రైవరు ఏం చేశాడు? ఇంజిన్‌లో ఏమీ మార్చలేదు. డీజిల్‌లో ఏ మందూ కలపలేదు. కాలు కాస్త నిదానంగా కదిపాడు!

బ్రేకు ఖరీదు 16 రూపాయలు

ప్రయాణికులతో కలిపి 15 టన్నులున్న బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందంటే, ఆ పరుగులో బోలెడు శక్తి నిలవ ఉన్నట్టే. అదంతా డీజిల్ కాల్చి సంపాదించినదే. బ్రేకు మీద కాలు వేసి బండిని నిలబెట్టామనుకోండి. ఆ శక్తి డ్రమ్ముల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మళ్లీ 60కి చేరాలంటే మళ్లీ కాల్చాలి. డీజిల్‌లో ఉన్న శక్తిలో మూడో వంతు మాత్రమే ఇంజిన్ చక్రాలకు పనికొచ్చేలా మారుస్తుంది. ఆ లెక్కన అలా ఒక్కసారి ఆగి మళ్లీ అందుకోవడానికి దాదాపు 170 మిల్లీలీటర్లు ఖర్చు. ఆరుసార్లయితే లీటరు! ఒక్కో అనవసరపు బ్రేకు ఖరీదు 16 రూపాయల దాకా పడుతుందన్నమాట.

ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లుండే ఈ దారిలో బ్రేకు వేయకుండా ఎలా? వేయాల్సిందే. ఎప్పుడు వేస్తామన్నదే అసలు సంగతి. స్పీడ్ బ్రేకర్ దూరం నుంచే కనిపిస్తుంది. బర్రెలు రోడ్డెక్కడం కనిపిస్తుంది. చేయెత్తిన ముసలమ్మ కనిపిస్తుంది. అక్కడే యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసేస్తే బండి తన పరుగుతో తానే దొర్లుకుంటూ వస్తుంది. 60 నుంచి 30కి అలా దిగాక బ్రేకు వేస్తే, వేడిగా పోయేది మొదటి శక్తిలో పావు వంతే. మిగిలిన ముప్పావు వంతుతో అప్పటికే కొంత దూరం ప్రయాణం అయిపోయింది. చివరిదాకా రేసు ఇచ్చి, దగ్గరికొచ్చాక బ్రేకు కొట్టేవాళ్లకు ఆ దూరమంతా డీజిల్ ఖర్చే. పోనీ టైమైనా కలిసొస్తుందా అంటే, మహబూబ్‌నగర్ చేరేసరికి మిగిలేది నాలుగు నిమిషాలో అయిదు నిమిషాలో!

అలాగని తప్పంతా డ్రైవరు మీదికి తోసేయడం న్యాయం కాదు. పాత బండి, అరిగిన టైర్లు, గుంతల రోడ్డు, గంటకోసారి మారే రద్దీ... ఇవేవీ ఆయన చేతిలో లేవు. 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక తెలంగాణ బస్సులు కిక్కిరిశాయి. నలభై మంది అదనంగా ఎక్కితే రెండు టన్నుల బరువు పెరిగినట్టే. పైగా స్టేజీ స్టేజీకీ ఆగాలి. అదే బస్సు, అదే కాలు... అంకె మాత్రం తగ్గుతుంది. డ్రైవర్ల మైలేజీ పోల్చేటప్పుడు రూటునీ రద్దీనీ పక్కన పెట్టుకుని చూడాలన్న వాళ్ల మాటలో న్యాయముంది.

బండ బలం... డాలస్‌లోనూ అదే కథ

పాలమూరు నుంచి అమెరికా వెళ్లి ఉద్యోగంలో స్థిరపడిన కుర్రాళ్లలో కొందరికి ఒక సరదా ఉంటుంది. మజిల్ కారు! మస్టాంగ్, ఛాలెంజర్, కమారో. ముందు పొడుగాటి బానెట్, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, కాలు పెడితే గర్జన. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీవోతో ఈ మోజు మొదలైందంటారు. మధ్యస్థం కారులో పెద్ద కారు ఇంజిన్ బిగించడమే దాని కిటుకు. అప్పట్లో అక్కడ పెట్రోలు కారుచౌక. మైలేజీ అడిగేవాళ్లే లేరు.

1973 అక్టోబరులో అరబ్ దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర సుమారు నాలుగింతలైంది. బంకుల దగ్గర బారులు తీరాయి. అప్పుడు అమెరికా చేసిన పని ఏమిటి? 1974 జనవరిలో దేశమంతటా గంటకు 55 మైళ్ల వేగ పరిమితి పెట్టింది. అంటే 88 కిలోమీటర్లు. కొత్త ఇంజిన్లు కనిపెట్టేదాకా ఆగకుండా, ముందు జనం కాలును అదుపు చేయబోయిందన్నమాట. ఎనిమిది సిలిండర్ల రాక్షసులకు గడ్డుకాలం మొదలైందీ ఆ రోజుల్లోనే. ఇన్సూరెన్సు భారం, పొగ మీద ఆంక్షలు కూడా తోడయ్యాయి. ఆ వేగ పరిమితిని 1995లో ఎత్తేశారు. మన దేశంలో పెట్రోలియం పొదుపు పాఠాలు చెప్పడానికి పీసీఆర్ఏ అనే సంస్థ 1978లో వచ్చింది. రేడియోలో, టీవీలో బండి ఆపినప్పుడు ఇంజిన్ ఆపమని చెప్పిన ప్రకటనలు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

డాడ్జ్ ఛాలెంజర్ సంగతే చూడండి. 2023 చివర్లో దాని తయారీ ఆగిపోయింది కానీ రోడ్ల మీద ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. 5.7 లీటర్ల హెమీ ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లున్న రకానికి అమెరికా ప్రభుత్వ సంస్థ ఇచ్చిన అంకెలు: ఊళ్లో గ్యాలన్‌కు 16 మైళ్లు, హైవే మీద 25. మన లెక్కలో చెప్పాలంటే లీటరుకు ఊళ్లో 6.8 కిలోమీటర్లు, హైవేలో 10.6. ఒక్క మనిషిని మోసే కారు ఊళ్లో ఇచ్చే మైలేజీ, యాభై మందిని మోసే మన పల్లెవెలుగు బస్సు కన్నా కాస్తే ఎక్కువ! అదే కారు, అదే ఇంజిన్... ఆగుతూ సాగుతూ పోయేచోట ఒక అంకె, నిలకడగా పోయేచోట ఒకటిన్నర రెట్లు.

ఆ ఇంజిన్‌లో ఇంకో చమత్కారం ఉంది. చదునైన రోడ్డు మీద కాలు తేలిగ్గా ఆనించి పోతుంటే ఎనిమిదిలో నాలుగు సిలిండర్లు వాటంతటవే పని మానేస్తాయి. మిగతా నాలుగే బండిని లాగుతాయి. కాలు గట్టిగా నొక్కారో, రెప్పపాటులో ఎనిమిదీ లేస్తాయి. కంపెనీ పెట్టిన ఆ పొదుపు కిటుకు పనిచేయాలా వద్దా అన్నది కూడా తోలేవాళ్ల పాదమే తేల్చాలి. దుడుకుగా నడిపితే హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో 10 నుంచి 40 శాతం మైలేజీ పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది.

మజిల్ కారులో ఇంజిన్ కన్నా ప్రమాదకరమైంది ఊరింపు. సిగ్నల్ పచ్చబడగానే పక్కవాడి కన్నా ముందు దూకాలనిపిస్తుంది. తర్వాతి సిగ్నల్ దగ్గర ఇద్దరూ పక్కపక్కనే ఆగుతారు. 1700 కిలోల కారును వందకు తీసుకెళ్లి ఆపిన ప్రతిసారీ సుమారు 80 మిల్లీలీటర్ల పెట్రోలు ఆవిరి. పన్నెండుసార్లు దూకితే లీటరు సమాప్తం.

గాలితో కుస్తీ

వేగం సంగతీ ఇలాంటిదే. నెమ్మదిగా పోయేటప్పుడు గాలి అడ్డం మనకు తెలియదు. వేగం పెరిగేకొద్దీ అది గోడలా మారుతుంది. 60లో పోయే బండికీ 80లో పోయే బండికీ వేగంలో తేడా మూడో వంతే. గాలి అడ్డం మాత్రం ఒకటి ముప్పావు రెట్లు దాటుతుంది. 45 నుంచి 55 మధ్య వేగంలో పోతే, 80లో పోయినప్పటికన్నా 40 శాతం దాకా ఎక్కువ మైలేజీ రావచ్చని పీసీఆర్ఏ ఏనాటి నుంచో చెబుతూ వస్తోంది. మక్తల్ మీదుగా పోయే 167వ నంబరు జాతీయ రహదారి మీద ఎద్దుల బండినీ, పత్తి ట్రాక్టరునూ, రాయచూరు లారీనీ ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ 90లో పోయే కారువాళ్లకు ఈ మాట రుచించకపోవచ్చు. బిల్లు కట్టేది వాళ్లే కాబట్టి వాళ్లిష్టం.

పొదుపు పేరుతో చేసే పొరపాట్లు కూడా ఉన్నాయి. అందులో పెద్దది, వాలులో న్యూట్రల్ చేయడం. కృష్ణా నది వైపు వాలు దొరకగానే గేరు తీసేసి దొర్లించేవాళ్లు చాలామంది. పూర్వం కార్బురేటర్ బళ్ల రోజుల్లో దాంతో కాస్తో కూస్తో కలిసొచ్చిందేమో కానీ ఇప్పటి ఇంజెక్షన్ బళ్లలో లెక్క తిరగబడింది. గేరులో ఉంచి కాలు తీసేస్తే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. కంప్యూటర్ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే మాత్రం ఇంజిన్ ఆగిపోకుండా ఉండేందుకు కాస్త కాస్త తాగుతూనే ఉంటుంది. అంటే న్యూట్రల్‌లో పొదుపు కాదు, ఖర్చు! పైగా ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. కొందరు ఏకంగా ఇంజినే ఆపేస్తారు. బస్సులకూ లారీలకూ బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగితే అదీ ఆగుతుంది. ఉన్న గాలి ఒక్కో తొక్కుడుకీ తరిగిపోతుంది. నాలుగు చుక్కల డీజిల్ కోసం అంత సాహసం ఎవరికీ వద్దు.

రెండోది సరిహద్దు సరదా. పన్నుల తేడా వల్ల కర్ణాటకలో పెట్రోలు, డీజిల్ ధర తెలంగాణ కన్నా తక్కువ. వంతెన దాటి శక్తినగర్ వైపు ఎలాగూ పనిమీద పోయేవాళ్లు అక్కడ ట్యాంకు నింపుకుంటే తెలివే. అదే పనిగా మక్తల్ నుంచి బయల్దేరితేనే తమాషా. పోనురాను దాదాపు యాభై కిలోమీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారైనా రెండు ముప్పావు లీటర్లు తాగుతుంది. లీటరుకు అయిదు రూపాయలు తగ్గినా ముప్పై లీటర్లకు మిగిలేది నూట యాభై. ఖర్చయింది రెండు వందల యాభై పైమాటే! అదే ముప్పై లీటర్లలో కాలి నిదానంతో పదో వంతు ఆదా అయినా మూడు లీటర్లు. ఊరు కదలక్కర్లేదు.

ఇంట్లో బండి ఉన్నవాళ్లు ఆర్టీసీ పద్ధతినే పాటించి చూడొచ్చు. టైర్లలో కంపెనీ చెప్పినంత గాలి ఉండేలా చూసుకుని, బంకులో ట్యాంకు నిండా పోయించి, మీటరు అంకె రాసిపెట్టుకోవాలి. ఒక ట్యాంకు ఎప్పటిలా నడపాలి. మళ్లీ అదే బంకులో నిండా పోయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. రెండో ట్యాంకు కాలు నెమ్మదించి నడపాలి... దూరం నుంచే యాక్సిలరేటర్ వదులుతూ, క్లచ్ మీద కాలు ఊరికే ఆనించకుండా, ఇంజిన్ మూలగకముందే పై గేరు వేస్తూ. రెండు అంకెలూ పక్కపక్కన రాయాలి. రిజర్వు ముల్లు చూసి వేసే అంచనాలు నమ్మొద్దు. ఇంట్లో బండి నడిపేవాళ్లు ఇద్దరుంటే చెరో ట్యాంకూ పంచుకోవచ్చు. ఆ తర్వాత భోజనాల దగ్గర జరిగే వాదనకు మాత్రం ఎవరూ పూచీ పడలేరు.

నారాయణపేట డిపోకో, మహబూబ్‌నగర్ డిపోకో రాత్రి చివరి ట్రిప్పు చేరేసరికి డీజిల్ పంపు దగ్గర బస్సులు వరస కడతాయి. గొట్టం పెట్టి ట్యాంకు నింపుతారు. ఎన్ని లీటర్లు పట్టిందో, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కాగితం మీద పడుతుంది. డ్యూటీ దిగిన డ్రైవరు సంచీ భుజాన వేసుకుని ఇంటికి బయల్దేరే ముందు, ఇవాళ ఎంతొచ్చిందని ఒక్కసారి ఆ అంకె కేసి తొంగి చూస్తాడు.