రిజర్వు అడవికి దక్కని కిలోమీటరు

రాగిచేలు వెన్ను వేసే వేళకు కర్ణాటకలోని బన్నేరుఘట్ట వైపు నుంచి ఏనుగుల గుంపులు దిగుతాయి. తమిళనాడు కృష్ణగిరి జిల్లాలో జవళగిరి, దేన్కనికోట దాటి సానమావు అడవిలో మకాం వేస్తాయి. కొన్ని రాయకోట చుట్టుపక్కల చేలదాకా వస్తాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏటా ఇదే వరస. ఈ దారికి చట్టం ఏపాటి కాపు కాస్తోందో తెలియాలంటే కొన్ని అంకెలు చూడాలి.

పెద్ద అంకె 1,190 చదరపు కిలోమీటర్లు, రెండు అభయారణ్యాలు కలిపి. 2014లో ప్రకటించిన కావేరీ ఉత్తర అభయారణ్యం 504 చదరపు కిలోమీటర్లు, 2022 నవంబరులో వచ్చిన కావేరీ దక్షిణ అభయారణ్యం 686. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల అడవి దీంతో కర్ణాటక వైపు కావేరీ అభయారణ్యానికి జతపడింది. నిజంగా గొప్ప పని. కానీ సానమావు లాంటి చిన్న అడవులు ఈ గీతకు బయటే ఉన్నాయి. వాటి పేరు రిజర్వు అడవి, అభయారణ్యం కాదు. ఆ పేరు తేడాతో ఒక కిలోమీటరు పోతోంది.

2021 నవంబరులో తమిళనాడు చిన్నతరహా ఖనిజాల నిబంధనలను సవరించి, జాతీయ పార్కులు, అభయారణ్యాలు, ఏనుగుల దారులతోపాటు రిజర్వు అడవుల హద్దు నుంచి కూడా కిలోమీటరు లోపు క్వారీ తవ్వకూడదంది. గ్రానైటు కొండల కృష్ణగిరి జిల్లాకు ఇది చిన్న మాట కాదు. పదమూడు నెలలైనా నిండా నిలిచిందో లేదో, 2022 డిసెంబరులో జాబితా నుంచి రిజర్వు అడవులను తీసేశారు. 2023 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు కూడా గని తవ్వకాలకు కిలోమీటరు హద్దు గీసింది, అదీ జాతీయ పార్కులకూ అభయారణ్యాలకూ మాత్రమే. బండ పేలిన చప్పుడుకు అది ఏ పేరున్న అడవో తెలియదు, దాన్ని విన్న ఏనుగుకూ తెలియదు. తీసేసిన ‘రిజర్వు అడవులు’ అన్న ఆ రెండు మాటలను, కనీసం ఏనుగులు మకాం వేసే రిజర్వు అడవులకైనా, తిరిగి చేర్చాలి.

ఏనుగుల దారులుగా గుర్తిస్తే చాలు కదా అనవచ్చు. కేంద్రం 2023 నివేదిక దేశమంతటా 150 దారులు లెక్కించింది, అందులో తమిళనాడువి 20. రాష్ట్ర కమిటీ 2024 ముసాయిదా 42 అంది. ఏడాదిలో అంకె రెట్టింపు దాటిందంటే ఏనుగులు కొత్త దారులు పట్టాయని కాదు, లెక్క ఇంకా కుదరలేదని. ముసాయిదాలో పేరెక్కినంత మాత్రాన దారికి రక్ష రాదు.

ఇక చేనుగట్టు మీదికి వద్దాం. 2023 మార్చిలో, రాయకోటకు కాస్త దూరంలోనే ఉన్న మారండహళ్ళి దగ్గర, కరెంటు పెట్టిన కంచె తగిలి మూడు ఏనుగులు చచ్చిపోయాయి. వాటి వెంట వచ్చిన రెండు గున్నలు మిగిలాయి. ఆ ఏడాదే తమిళనాడు కరెంటు కంచెల నిబంధనలు తెచ్చింది. అడవి పక్క పొలంలో కొత్త కంచెకు ముందే అనుమతి తీసుకోవాలి, పాతదాన్ని నమోదు చేయించాలి. తేడా అంతా కంచెకు కరెంటు ఇచ్చే పెట్టెలో ఉంది. బ్యాటరీతో నడిచే సరైన యంత్రం సుమారు సెకనుకు ఒకసారి, రెప్పపాటులో వెయ్యోవంతు కాలం, తీగకు షాకు పంపి ఆపేస్తుంది. తొండం తగిలితే జంతువు జంకి వెనక్కి తిరుగుతుంది. అదే స్తంభం నుంచి నేరుగా లాగిన 230 వోల్టుల తీగ ఆగదు, తగిలిన ఒళ్ళు దాన్ని విడిపించుకోలేదు. అది ఏనుగునే కాదు, తెల్లారి నీళ్ళు కట్టడానికి వెళ్ళిన మనిషినీ చంపుతుంది.

రాత్రంతా మంచె మీద టార్చిలైటుతో మేలుకునే రైతుకు ఆ పెట్టె ఖరీదే అడ్డు. అందుకే తనిఖీ ఒక్కటే చాలదు. ప్రమాణానికి తగ్గ పెట్టెలను రాగికోతకు ముందే, సగం ధరకైనా, అడవి అంచు ఊళ్ళకు చేర్చాలి. రైతు అనుమతి కాగితం కోసం జిల్లా అటవీ ఆఫీసు చుట్టూ తిరగకుండా, ఆ నమోదు ఊళ్ళోనే, పంచాయతీ దగ్గరే జరగాలి.