బ్యాకప్‌ ఉందన్న ధీమా... తెరిస్తే డీలా!
సీడీల్లో దాచిన సమాచారం తిరిగి రాకపోవడానికి కారణాలెన్నో

పోలవరం: హార్డ్‌డిస్క్‌ ఉన్నట్టుండి మొరాయిస్తే కార్యాలయాల్లో ముందుగా వినిపించే మాట ‘సీడీల్లో బ్యాకప్‌ ఉంది కదా’ అన్నదే. బీరువాలోని సీడీని డ్రైవ్‌లో పెట్టాక గానీ అసలు చిక్కు బయటపడదు. కొన్ని తిరుగుతూనే ఉంటాయి, తెరుచుకోవు. కొన్ని సగం ఫైళ్లు ఇచ్చి ఆగిపోతాయి. పోలవరం పరిసరాల్లో ఇది కేవలం కార్యాలయ ఇబ్బంది కాదు. ప్రాజెక్టు కోసం ఖాళీ అయిన ఊళ్లలో ఇల్లు ఎక్కడుండేదో, పొలం ఎంత ఉండేదో చూపేందుకు గోడలూ గట్లూ మిగలవు. మిగిలే సాక్ష్యం రికార్డు ఒక్కటే.

ఉమ్మడి రాష్ట్రంలో 1998 నవంబరు 4న ‘కార్డ్‌’ పథకం కింద 214 రిజిస్ట్రేషన్‌ కార్యాలయాల్లో కంప్యూటర్లు పని ప్రారంభించాయి. ఆ తరువాతి పదేళ్లలో సహకార సంఘాలు, పాఠశాలలు, డీటీపీ కేంద్రాలు కూడా దస్త్రాలను కంప్యూటర్‌కెక్కించాయి. 700 మెగాబైట్ల సీడీ, 4.7 గిగాబైట్ల డీవీడీ చవకగా దొరకడంతో నకళ్లు వాటిలోకే చేరాయి.

పైవైపు గీతే ప్రమాదం

మనం రాసుకునే సీడీలో సమాచారం ఉండేది ప్లాస్టిక్‌లో కాదు, దానిపైన ఉండే పలుచని రంగుపూతలో. లేజరు కిరణం ఆ పూతపై గుర్తులు పెడుతుంది. ఎండ, వేడి, తేమ తగిలేకొద్దీ పూత చెడుతుంది. గోదావరి తీరంలో ఈ మూడింటికీ కొరత లేదు. పూతపైన మెరిసే లోహపు పొర, ఆపైన రక్షణగా పలుచని లక్క పొర మాత్రమే ఉంటాయి. అందువల్ల లేబుల్‌ వైపు పడిన గీత కింది గీత కన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. చాలామంది కిందివైపును అద్దంలా తుడిచి, పైవైపు బాల్‌పెన్నుతో నొక్కి తేదీ రాస్తారు! డీవీడీలో పూత రెండు ప్లాస్టిక్‌ పలకల మధ్య ఉంటుంది గనుక ఈ విషయంలో కొంత నయం.

సీడీ బాగున్నా ఫైలు తెరుచుకోని సందర్భాలు ఉన్నాయి. విండోస్‌ ఎక్స్‌పీలోని బ్యాకప్‌ సాధనం విస్టా నుంచి తొలగిపోయింది. దానితో దాచిన ఫైళ్లను కొత్త కంప్యూటర్‌ నేరుగా గుర్తించదు. ఒకే బ్యాకప్‌ను అయిదారు సీడీలకు పంచినప్పుడు మధ్యలో ఒకటి చెడినా మిగతావి అక్కరకు రాకపోవచ్చు. తెలుగు దస్త్రాలకు మరో చిక్కు ఉంది. యూనికోడ్‌కు ముందు అను వంటి ఫాంట్లలో కొట్టిన జాబితాలు ఆ ఫాంటు లేనిచోట అర్థంకాని గుర్తులుగా కనిపిస్తాయి. మార్చే సాధనాలున్నా, ఒత్తు తప్పితే ఇంటిపేరే మారిపోతుంది. పరిహారం జాబితాలో అది చిన్న తప్పు కాదు.

నకలు ఎక్కడ ఉందన్నదీ ముఖ్యమే. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అలాంటి వరదలో కంప్యూటర్‌, దాని పక్కనే ఉన్న సీడీల పెట్టె కలిసే మునుగుతాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌ సర్వర్లపై సైబర్‌ దాడి జరిగినప్పుడు, దాడి సోకని వేరే సర్వరులోని నకలు నుంచే ఈ-హాస్పిటల్‌ సమాచారం తిరిగి వచ్చింది. దక్షిణ కొరియాలోని డేజియాన్‌లో 2025 సెప్టెంబరులో ప్రభుత్వ డేటా కేంద్రం కాలిపోగా, బయట నకలు లేని 858 టెరాబైట్ల ఉద్యోగుల దస్త్రాలు పోయాయి.

డిస్కు చెడితే...

హార్డ్‌డిస్క్‌ టిక్‌టిక్‌మంటే వెంటనే కంప్యూటర్‌ ఆపేయాలి. ఫార్మాట్‌ చేయకూడదు, కొత్త ప్రోగ్రాములు ఎక్కించకూడదు. సీడీని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా రుద్దరాదు. ఒక డ్రైవ్‌ చదవని సీడీని మరొకటి చదవవచ్చు. ‘డీడీరెస్క్యూ’ వంటి ఉచిత ప్రోగ్రాము బాగున్న భాగాలను ముందు తీసి, చెడిన చోట్లను తరువాత మళ్లీ ప్రయత్నిస్తుంది. అలా వచ్చిన పూర్తి నకలు మీదే మిగతా పని చేయాలి. ఏడాదికోసారైనా ఒక ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిచి చూస్తే లోపం ముందే తెలుస్తుంది.

రిజిస్టరైన ఆస్తి దస్తావేజు నకలు పోతే సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయంలో ధ్రువీకృత ప్రతి కోరవచ్చు. ఏజెన్సీ గ్రామాల గిరిజనులకు ఈ దారి తక్కువే. 1/70 చట్టం అమలులో ఉన్నచోట భూమి చేతులు మారి రిజిస్ట్రేషన్‌ దాకా రావడం అరుదు. వారి హక్కు పట్టాలో, అడంగల్‌లో, అటవీ హక్కుల పత్రంలో ఉంటుంది. ఆ కాగితాలను సీడీకి ఎక్కించినా అసలు ప్రతిని పారేయరాదు.